ఆటలో అరటిపండుగానే ఉండిపోతాడా?

బళ్ళు తెరిచాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్ళ నుంచి, బళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో చదువు గురించి అడిగినవి తక్కువ. "మా వాడికి ఒక్క ఫ్రెండ్ కూడా లేడు" అన్నవే ఎక్కువ. అందుకని ఈసారి మందులు, సర్టిఫికెట్ల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఊరు తప్ప మిగతా గుర్తులన్నీ తీసేశాను.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. ఇప్పుడు మాటలు బాగానే వచ్చాయి, చదువూ ఫరవాలేదు. రైళ్ళంటే పిచ్చి. మాది పెద్ద అపార్ట్‌మెంట్. సాయంత్రం కింద పిల్లలు క్రికెట్టో దొంగా పోలీసో ఆడుతుంటే వీడూ వెళ్తాడు. వాళ్ళు పొమ్మనరు గానీ "నువ్వు ఆటలో అరటిపండు" అంటారు. వీడు ఔటైనా ఔట్ కాదు, ఎవరినైనా పట్టుకున్నా లెక్కలోకి రాదు. అది తెలియక వాడు సంతోషంగా పరుగెత్తుతుంటే బాల్కనీలోంచి చూసి నాకు కడుపు తరుక్కుపోతుంది. సోషల్ స్కిల్స్ క్లాసుకి పంపుతున్నాం. అక్కడ అన్నీ టకటకా చెప్తాడు, కిందికి వెళ్తే ఒక్కటీ చేయడు. మొన్న పుట్టినరోజుకి అందరినీ పిలిస్తే కేక్ తిని వెళ్ళిపోయారు. ఎప్పటికీ ఇంతేనా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ అరటిపండు సంగతి. దాన్ని మీరు అవమానంగా తీసుకున్నారు. నాకు మాత్రం ఆ పిల్లల మీద అంత కోపం రావడం లేదు. చిన్న తమ్ముణ్ణి వెంటేసుకుని ఆటకి వచ్చే అక్కలందరూ చేసే ఏర్పాటే అది. ఆట చెడదు, చిన్నవాడు ఏడవడు. పొమ్మనడం కంటే ఎన్నో రెట్లు నయం. కాకపోతే ఆ తమ్ముడు రెండేళ్ళలో ఎదిగి అసలు ఆటలోకి వచ్చేస్తాడు. మీ వాడు అలా రావడానికి ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. అది పిల్లలు చేసే పని కాదు, పెద్దవాళ్ళం మనం చేయాల్సింది.

దానికి క్రికెట్టూ దొంగా పోలీసూ పనికిరావు. పదిమంది ఒకేసారి అరుస్తారు. నో బాలా కాదా అన్నది గొంతు పెద్దదున్నవాడు తేలుస్తాడు. మధ్యలో ఎవడో "తూచ్" అంటాడు, రూల్ మారిపోతుంది. రూల్ అంటే రూలే అనుకునే పిల్లాడికి అంతకంటే కష్టమైన చోటు లేదు. కాబట్టి గుంపు సంగతి కొన్ని నెలలు మర్చిపోండి. ఒక్క పిల్లాడిని వెతకండి. తెలివైనవాడో, అందరికీ నచ్చేవాడో అక్కర్లేదు. కాస్త నెమ్మదస్తుడైతే చాలు. ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ అయినా, ఆడపిల్లయినా సరే. ఎలాగూ బాల్కనీలోంచి చూస్తున్నారుగా, రేపటి నుంచి మీ వాడిని కాకుండా మిగతావాళ్ళని చూడండి. వీడు వెనకబడితే ఒక్క క్షణం ఆగేవాళ్ళు ఎవరో ఒకరు కనిపిస్తారు.

ఆ ఒక్కరినీ ఆదివారం ఇంటికి పిలిచి అష్టాచెమ్మా ఆడించండి. పాతకాలపు ఆట అని నవ్వకండి. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వంతు వాళ్ళది, అది కంటికి కనిపిస్తుంది. "నీ వంతు కాదు, ఆగు" అని ఎవరూ అరవక్కర్లేదు. అష్ట గానీ చెమ్మ గానీ పడితే ఇంకో పందెం, అందులో వాదనకి తావు లేదు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుంటారు, లేదంటే ఊరికే ఆడుకుంటారు. వామనగుంటలు ఇంకా సుఖం. ఇద్దరే ఆడతారు, పద్నాలుగు గుంటలు, గింజలు పంచుకుంటూ లెక్కపెట్టుకుంటూ పోవడమే. అంకెలు ఇష్టమైన పిల్లలు పట్టుకుంటే వదలరు.

అంతకంటే ముందు ఇంట్లో ఓడిపోవడం ప్రాక్టీస్ చేయించండి. వాళ్ళ నాన్న ఓడిపోయి, "అబ్బా, పోయింది! సరే, ఇంకో ఆట వేద్దాం" అని వాడికి వినపడేలా అనాలి. ప్రతిసారీ కావాలని ఓడిపోయి మనవడినే గెలిపించే తాతయ్యలు ఉంటారు, ఆ ప్రేమని కొన్నాళ్ళు దాచుకోమనండి.

వచ్చిన పిల్లాడు అరగంటో నలభై నిమిషాలో ఉంటే చాలు. "ఇంకాసేపు ఆంటీ" అంటుండగానే రెండు పకోడీలు పెట్టి పంపేయండి. మూడు గంటలు ఉంచితే చివరి గంటలో ఎవరో ఒకరు ఏడుస్తారు, ఇద్దరికీ ఆ ఏడుపే గుర్తుంటుంది. ఆడుతున్నంతసేపూ మీరు వంటింట్లో ఉండి చెవి మాత్రం హాల్లో వేయండి. "వాడికి థాంక్యూ చెప్పు నాన్నా, షేర్ చేసుకో నాన్నా" అని పక్కనే కూర్చుని నేర్పే అమ్మ ఉన్న ఇంటికి ఏ పిల్లాడూ రెండోసారి రావాలనుకోడు. చాక్లెట్లు, కొత్త వీడియో గేములు ఎర వేయొద్దు. అవి అయిపోగానే రావడమూ అయిపోతుంది.

రైళ్ళ పిచ్చి తగ్గించమని మీకు ఎవరో చెప్పే ఉంటారు. నేను చెప్పను. ఇద్దరికీ ఆట కుదిరాక, అవతలి అమ్మానాన్నల్ని అడిగి పిల్లలిద్దరినీ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కించండి. హఫీజ్‌పేట్‌లో ఎక్కి చందానగర్ మీదుగా లింగంపల్లి దాకా, మళ్ళీ వెనక్కి. ఆ పూట మీ వాడే గైడు. ఒక్క పద్ధతి ముందే నేర్పండి: రైలు గురించి మూడు సంగతులు చెప్పాక అవతలివాడిని ఒక ప్రశ్న అడగాలి, అడిగి జవాబు వినాలి. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నా తప్పులేదు.

ఇక కింద గ్రౌండు. క్లాసులో "నేనూ ఆడొచ్చా?" అని అడగడం నేర్పి ఉంటారు. అందరూ నేర్పేది అదే. ఆట మధ్యలో వెళ్ళి అలా అడిగితే ఏ పిల్లాడికైనా "వద్దు" అనే జవాబు వచ్చే అవకాశమే ఎక్కువ. పిల్లలు గుంపులో ఎలా చేరతారన్నది పరిశోధకులు 1980ల నుంచి గమనిస్తూనే ఉన్నారు. తేలిగ్గా చేరిపోయేవాళ్ళు పెద్దగా అడగరు. కాసేపు పక్కన నిలబడి ఏం నడుస్తోందో చూస్తారు, ఆ ఆటకి పనికొచ్చే పని ఏదో ఒకటి చేస్తారు. బయటికి పోయిన బంతి తెచ్చివ్వడం లాంటిది. ఇంకా మంచి సమయం ఒకటుంది: పంటలు వేసుకునేటప్పుడు. ఆట మొదలవకముందే చెయ్యి కలిపినవాణ్ణి తీసేయడం కష్టం. అందుకని సాయంత్రం ఐదుకి ఆట మొదలైతే మీ వాడు పది నిమిషాల ముందే కింద ఉండాలి, పక్కన ఆ ఆదివారం స్నేహితుడు ఉండాలి.

క్రికెట్‌లో మొదట స్కోరర్ పని ఇప్పించండి. అంకెలు మర్చిపోని పిల్లాడు ఏ గల్లీ జట్టుకైనా అవసరమే, వాడి లెక్క లేకపోతే గొడవ తేలదు. అయితే శాశ్వతంగా స్కోరరే అయితే అది ఇంకో రకం అరటిపండు. ఒక ఓవర్ బౌలింగ్ కూడా వాడికి రావాలి, ఔటైతే ఔటే అవ్వాలి. ఔటై ఏడ్చినా సరే, ఆ ఏడుపు అసలు ఆటలోది.

మిగతా పిల్లలకి చెప్పాలా అంటే, చెప్పాలి. ముందు మీ వాడిని అడగండి, ఏం చెప్పాలో వాడితో కలిసి అనుకోండి. రెండు మాటలు చాలు: "వాడికి పెద్ద అరుపులు ఇబ్బంది. రూల్ మారిస్తే ముందే చెప్పండి." జబ్బు పేరుతో లెక్చర్ వద్దు, "పాపం" అనే మాట అసలే వద్దు. మీ థెరపిస్టుని ఒక క్లాసు అపార్ట్‌మెంట్ కిందే తీసుకోమని అడగండి, లేదా ఆ స్నేహితుణ్ణి కూడా క్లాసుకి రానివ్వమనండి. టేబుల్ ముందు పెద్దవాళ్ళతో నేర్చుకున్నది మెట్లు దిగి కిందికి రావడానికి ఆ మాత్రం సాయం కావాలి. వచ్చే పుట్టినరోజుకి ఇద్దర్ని పిలవండి, చాలు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఆరో తరగతిలో ఒక అబ్బాయికి ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) అని ప్రభుత్వాసుపత్రి డాక్టరు రాసిచ్చారు. మధ్యాహ్న భోజనం లైన్లో తోసేస్తాడు, అడగకముందే జవాబు అరుస్తాడు, పక్కవాళ్ళ పెన్నులు లాగేస్తాడు. రోజూ ఫిర్యాదులే. గ్రూప్ వర్క్ అంటే వాడిని ఎవరూ తీసుకోరు. మంచి పిల్లాడే, కానీ నేనేం చేయగలను?
– ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మాస్టారూ, "మంచి పిల్లాడే" అని మీరు రాసిన మాట క్లాసులో అందరి ముందూ ఎప్పుడైనా అన్నారా? పిల్లలు మీ గొంతు చూసి వాడి విలువ కడతారు. మీరు రోజుకి ఇన్నిసార్లు వాడి పేరు విసుగ్గా పిలిస్తే వాళ్ళూ అలాగే పిలుస్తారు.

ఒక అలవాటు ముందు తీసేయండి. క్లాస్ లీడర్‌ని నిలబెట్టి మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయించడం. మీ బోర్డు నేను చూడలేదు గానీ మొదటి పేరు ఎవరిదో, పక్కన ఇంటూ మార్కులు ఎవరికి ఎక్కువో చెప్పగలను. రోజూ బోర్డెక్కే పేరుతో స్నేహం చేయడానికి ఎవరు ముందుకొస్తారు?

ఈ పిల్లలకి రూల్ తెలియక కాదు. లైన్లో తోయకూడదని మీ వాడిని అడిగితే మీకంటే బాగా చెప్తాడు. ఆ క్షణంలో ఆగడం వాడికి కుదరదు. అందుకని నీతిబోధ మధ్యాహ్నం మూడింటికి చేస్తే ప్రయోజనం లేదు. భోజనం బెల్లుకి రెండు నిమిషాల ముందు, లైను కట్టకముందు, దగ్గరికి వెళ్ళి మెల్లగా గుర్తు చేయాలి. ఇంకా మంచిది, లైన్లో నిలబెట్టకుండా గుడ్లు పంచే పని ఇవ్వండి. చేతులకి పని, కాళ్ళకి నడక, ఇవతల నిలబడ్డ ప్రతి పిల్లాడికీ వాడి చేతి మీదుగా ఒక గుడ్డు. ఒక నెల ఇచ్చి చూడండి.

గ్రూపులు పిల్లల్ని ఎంచుకోనివ్వకండి, మీరే వేయండి. నలుగురి కంటే ఇద్దరు నయం. ఎవరి పని ఏమిటో విడిగా చెప్పండి: ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు. పీఈటీ సారు ఉంటే ఖోఖో ఎక్కువ ఆడించమనండి. వరుసలో కూర్చున్నవాడు వెనకనుంచి "ఖో" వినేదాకా లేవకూడదు, వినగానే చిరుతలా లేవాలి. ఆగడం కూడా ఆటలో భాగమే కాబట్టి వాడికి అది శిక్షలా అనిపించదు.

ఒక ముఖ్యమైన సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు మాత్రం విడిగా లేదు. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి చదవడం, రాయడంలో ఇబ్బంది కూడా కలిసి ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో నడిచే భవిత కేంద్రంలో సహిత విద్య టీచరుకి ఈ అబ్బాయి నోటుబుక్కులు చూపించండి. చదవలేక అల్లరి చేసే భాగం ఎంతో తేలిపోతుంది.

ప్రశ్న: మా మనవరాలికి ఏడేళ్ళు, డౌన్ సిండ్రోమ్. ఎవరు కనబడినా వెళ్ళి వాటేసుకుంటుంది, ముద్దు పెడుతుంది. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయినీ వదలదు. పెద్దవాళ్ళు మురిసిపోతారు. తోటి పిల్లలు మాత్రం పారిపోతున్నారు. మాటలు స్పష్టంగా లేవు. అంత ప్రేమగా వచ్చే పిల్లని వద్దనడానికి మనసొప్పడం లేదు.
– ఒక తాతయ్య, తెనాలి

జవాబు: అయ్యా, మనసొప్పకపోయినా ఇప్పుడే ఆపాలి. ఏడేళ్ళప్పుడు ముద్దొచ్చేది పద్నాలుగేళ్ళకి ఆ పిల్లకే ప్రమాదం. అప్పుడు హఠాత్తుగా "ఛీ, తప్పు" అంటే తనకేమీ అర్థం కాదు.

ఇంట్లో ఒక చార్టు పెట్టండి. వాటేసుకోదగ్గవాళ్ళ ఫొటోలు ఒకవైపు: అమ్మ, నాన్న, మీరు, నాయనమ్మ. మిగతా ప్రపంచానికంతా నమస్కారం, తోటి పిల్లలకి చేతిలో చెయ్యి కొట్టడం. ఈ పద్ధతి ఇంటికొచ్చే చుట్టాలు కూడా పాటించాలి. బుగ్గ గిల్లి "ఏదీ, నాకో ముద్దు" అని అడిగే పెద్దవాళ్ళని ఆపడం మీ వంతు. మీ వయసుకి అది చెల్లుతుంది, కోడలు చెప్తే చెల్లదు.

తాకడం ఇష్టమైన పిల్ల కాబట్టి చెమ్మచెక్క నేర్పండి. చేతులు తగులుతాయి, పాట ఉంటుంది, పాట అయిపోగానే ఆపాలి. తోటి ఆడపిల్లలకీ భయం ఉండదు. పిల్లిమొగ్గలు, తలకిందులుగా వేలాడటం లాంటివి మాత్రం డాక్టర్ని అడగకుండా వద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడ ఎముకల దగ్గర పట్టు తక్కువగా ఉంటుంది.

మాటల విషయంలో, ముందు చెవులు పరీక్ష చేయించండి. ఈ పిల్లల్లో వినికిడి లోపం తరచుగా ఉంటుంది, చాలాసార్లు ఎవరూ గమనించరు. అంతవరకు ఒక చిన్న ఆల్బమ్ చేసివ్వండి: నిన్న తిన్న ఐస్‌క్రీమ్, ఇంటి కుక్కపిల్ల, కృష్ణ ఒడ్డున స్నానం. మాట అర్థం కాకపోయినా ఫొటో చూపిస్తే తోటిపిల్ల "మీ కుక్క పేరేంటి?" అంటుంది. అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్. తమ్ముడికి పద్నాలుగేళ్ళు, మేధో వైకల్యం ఉంది. నా ఫ్రెండ్స్ ఇంటికొస్తే "వాడినీ కూర్చోబెట్టుకో, వాడికెవరున్నారు" అంటుంది అమ్మ. వాడంటే ఇష్టమే. కానీ విసుగొస్తోంది. ఇలా అనుకోవడం తప్పా?
– రాజమండ్రి

జవాబు: తప్పు కాదు తల్లీ. నువ్వు వాడికి అక్కవి, ఫ్రెండ్‌వి కాదు. ఈ కింది వాక్యం అమ్మకి చూపించు. అమ్మగారూ, వారంలో ఒక పూట పిల్ల తన స్నేహితులతో తలుపు వేసుకుని ఉండనివ్వండి. ఆ పూట అబ్బాయిని వాళ్ళ నాన్న బయటికి తీసుకెళ్ళాలి. వాడి ఈడు మగపిల్లలు ఎక్కడ పోగవుతారో, క్యారమ్ బోర్డు ఎక్కడుందో, గుడి దగ్గర వడ్డనకి సాయం పట్టే కుర్రాళ్ళెవరో నాన్నకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్ళు. రెండేళ్ళ క్రితం ఆటిజం అని తేలింది. స్కూల్లో అందరితో కలిసి కూర్చుంటుంది, నవ్వుతుంది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తుంది. ఆన్‌లైన్లో బొమ్మలు వేసే ఒక అమ్మాయి మాత్రమే ఫ్రెండ్. వీకెండ్ తెలుగువాళ్ళ గెట్ టుగెదర్లకి వెళ్తే "ఏంటి, అసలు మాట్లాడదు?" అంటారు. కళ్ళలోకి చూసి మాట్లాడటం నేర్పించాలా? చిన్నప్పుడు మాట ఆలస్యమైతే ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్నారు, ఇప్పుడు అమ్మమ్మతో కూడా మాట్లాడలేదు.
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: నేర్పించకండి. మీ అమ్మాయి రోజంతా చేస్తున్నది అదే: పక్కవాళ్ళు ఎప్పుడు నవ్వితే అప్పుడు నవ్వడం, ఇబ్బందిని దాచడం. దానికి పట్టే శ్రమే సాయంత్రం ఏడుపు. ఆడపిల్లల్లో ఆటిజం ఆలస్యంగా తేలడానికి ఒక కారణం ఇలా దాచగలగడమే.

స్నేహం కుదరకపోతే లోపమంతా ఆటిజం ఉన్న మనిషిదే అని చాలాకాలం అనుకున్నారు. బ్రిటన్‌లో డామియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, తనకీ ఆటిజం ఉంది, 2012లో దాన్ని తిరగేశాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి లేనివాళ్ళు ఎంత అర్థం కారో, లేనివాళ్ళకి ఉన్నవాళ్ళూ అంతే అర్థం కారన్నాడు. ఎడిన్‌బరో పరిశోధకులు 2020లో ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించి చూశారు. కథని చివరిదాకా అందించడంలో ఆటిజం ఉన్నవాళ్ళు మాత్రమే ఉన్న వరుస, లేనివాళ్ళ వరుసకి ఏమీ తీసిపోలేదు. బొమ్మలు వేసే ఆ స్నేహితురాలితో మీ అమ్మాయి హాయిగా ఉందంటే నాకు ఆశ్చర్యం లేదు. అది నిజమైన స్నేహమే. ఆ అమ్మాయి ఎవరో, వాళ్ళ అమ్మానాన్నలు ఎవరో మీరు వీడియోలో ఒకసారి మాట్లాడి తెలుసుకోండి, అంతే.

స్కూల్లో ఐఈపీ (మీ అమ్మాయికి తగ్గట్టు స్కూలు రాసే విడి చదువు ప్రణాళిక) మీటింగ్‌కి ఈసారి అమ్మాయిని కూడా కూర్చోబెట్టండి. కళ్ళలోకి చూడటం అనే లక్ష్యం అందులో ఉంటే తీసేయమని అడగండి. దాని బదులు లంచ్ టైంలో లైబ్రరీలోనో ఆర్ట్ రూంలోనో కూర్చునే వీలు, డ్రాయింగ్ క్లబ్బు అడగండి. గెట్ టుగెదర్‌కి వెళ్ళేముందు ఎంతసేపు ఉంటారో చెప్పండి, చాలనిపిస్తే మీకు ఫోన్లో ఏ బొమ్మ పంపాలో అనుకోండి, పంపగానే లేవండి. ఆంటీలకి "తనకి మాటల కంటే బొమ్మలిష్టం" అని ఒక్కసారి చెప్తే మళ్ళీ అడగరు. అడిగితే ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించండి, ఫ్రిస్కోలో తెలుగువాళ్ళకేం కొదవ.

ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్న సలహా ఇప్పటికీ ఇక్కడా అక్కడా ఇస్తూనే ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో తెలుగు మళ్ళీ మొదలుపెట్టండి, జవాబు ఇంగ్లిష్‌లో వచ్చినా సరే. అమ్మమ్మతో మాటలకి తొందర లేదు. ఆవిడని వీడియో కాల్‌లో ముగ్గు వేయమనండి, అమ్మాయిని ఇక్కడ కాగితం మీద అదే చుక్కలు పెట్టుకుని వేయమనండి. మొదట పావుగంట చాలు. కెమెరా ముగ్గు మీదకి తిప్పమనండి, ముఖాల మీదకి వద్దు.